పడవ రెండు గంటలకు రా...

“లంక షెల్టర్... లంక షెల్టర్... పడవ... రెండు గంటలకు... రా...”

ఆ తర్వాత అంతా మౌనమే.

వాకీటాకీ మీ చేతిలో ఉంది. చుట్టూ పదిమంది మీ ముఖంలోకే చూస్తున్నారు. రాదన్నారా, రావచ్చన్నారా, రాబోతోందన్నారా? ఆఖరి ముక్క ఎవరికీ అందలేదు. గోడవారన చాప మీద ఒక నిండు గర్భిణి పక్కకు ఒత్తిగిలి పడుకుంది. తెల్లవారుజాము నుంచి నడుములో పోటు అంటోంది. ఆమె కాళ్ల దగ్గర కూర్చున్న ఆశా కార్యకర్త మళ్లీ అడిగింది: “పడవ ఎన్నింటికంటండీ?”

గోడ గడియారంలో పదకొండు.

మీరున్నది దివిసీమలో. నాగాయలంక దాటి, రేవులో పంటెక్కి, కృష్ణ పాయ దాటి వచ్చిన లంక ఊరు ఇది. పంటు నిన్న సాయంత్రమే ఆపేశారు. కరెంటు రాత్రి పోయింది. సెల్ టవరు తెల్లారేదాకా బ్యాటరీ మీద లాగి ఊరుకుంది. తుపాను రేపు పొద్దుటికల్లా ఈ చుట్టుపక్కలే తీరం దాటుతుందని హెచ్చరిక. ఊరు సగం ఈ తుపాను భవనంలోకి చేరింది. ఇక్కడి కబురు బయటికి పోవాలన్నా, బయటి కబురు ఇక్కడికి రావాలన్నా మీ చేతిలోని సెట్టే దిక్కు. అవతల అవనిగడ్డలో, మ్యాపు మీద తిన్నగా గీత గీస్తే సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, మీ తోటి హామ్ (అమెచ్యూర్ రేడియో) ఆపరేటర్లు ఒక మేడ మీద బేస్ స్టేషన్ పెట్టుకుని కూర్చున్నారు. మధ్యలో సిగ్నల్‌ను అందుకుని మళ్లీ పంపే రిపీటరు లేదు. 145 మెగాహెర్ట్జ్ దగ్గర సెట్టుకు సెట్టుకు నేరుగా మాట నడవాలి.

“సెట్టు పాడైనట్టుందండీ,” అన్నారు వీఆర్వో. మనిషి నిద్రలేక ఎర్రబడ్డ కళ్లతో ఉన్నారు.

అందరికీ మొదట వచ్చే అనుమానం అదే. కానీ మాట సరిగా వినబడనప్పుడు సెట్టు పాడై ఉండటం చాలా అరుదు. సిగ్నల్ చాలాసార్లు మన దాకా వచ్చే ఉంటుంది. మన అమరిక వల్లో, మన చుట్టూ ఉన్న వస్తువుల వల్లో, మనం నిలబడ్డ చోటు వల్లో అది చెవికి చేరదు. అది ఎక్కడ ఆగిందో పట్టుకోవడానికి ఒక వరుస ఉంది: ముందు సెట్టు లోపలి అమరిక, తర్వాత చుట్టూ ఉన్న రొద, ఆ తర్వాత యాంటెన్నా, ఆపైన నిలబడ్డ చోటు, చివరికి ఎత్తు. ఒక్కసారి ఒక్కటే మార్చాలి. అన్నీ కలిపి తిప్పేస్తే ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో తేలదు.

బేస్ ప్రతి పావుగంటకూ పిలుస్తుంది. ఆ ఒప్పందం ముందే ఉంది. వాళ్ల మాట మీకు తెలియకపోతే, మాట్లాడేటప్పుడు నొక్కే పీటీటీ మీటను మీరు మూడుసార్లు నొక్కి వదలాలి. అది విని వాళ్లు ఒకటి నుంచి పది దాకా నెమ్మదిగా లెక్క చదువుతూ ఉండాలి. ఆ లెక్కను పట్టుకుని మీరు ఇక్కడ వెతుక్కోవాలి.

మూడుసార్లు నొక్కారు. హోరులోంచి ఎవరో “మూడు... ఐదు... ఆరు” అంటున్నారు. నాలుగు ఏమైంది?

* * *

సెట్టు తెర మీద చూడండి. ఫ్రీక్వెన్సీ అంకెలు సరిగానే ఉన్నాయి. సంచిలో పడేసినప్పుడు మీటలు నొక్కుకుపోయి అంకె మారడం మామూలే కాబట్టి మొదటి చూపు అటే పోవాలి. అంకె సరిగా ఉంటే కీప్యాడ్ లాక్ చేసేయండి.

తర్వాత స్క్వెల్చ్. ఎవరూ మాట్లాడనప్పుడు ఎఫ్‌ఎం రేడియోలో వచ్చే హోరు చెవిని తినేయకుండా ఆపే ఏర్పాటు అది. ఒక స్థాయి కన్నా బలమైన సిగ్నల్ వస్తేనే స్పీకరు తెరుచుకుంటుంది. నగరంలో అది హాయి. ఇక్కడ అదే అడ్డు. మీ సెట్టులో స్క్వెల్చ్ 5 మీద ఉంది. అవనిగడ్డ నుంచి వచ్చే సన్నని సిగ్నల్ ఆ గీతకు కాస్త పైకీ కాస్త కిందికీ ఊగుతోంది. పైకి లేచినప్పుడు మాట, కిందికి దిగినప్పుడు మౌనం. నాలుగు పోయింది అక్కడే.

మెనూలోకి వెళ్లి స్క్వెల్చ్‌ను సున్నా చేశారు. హోరు గదంతా నిండింది. చంకలో పిల్లాణ్ని పెట్టుకున్న ఒకామె ఉలిక్కిపడి ఇటు చూసింది. కానీ ఆ హోరు అడుగున లెక్క ఇప్పుడు తెగకుండా నడుస్తోంది. స్పష్టంగా లేదు, అయినా వరుస తప్పట్లేదు.

ఇంకొకటి. మాటలో మొదటి అక్షరం కొరుక్కుపోయినట్టు వస్తోంది. బ్యాటరీ ఆదా కోసం సెట్టు ఎవరూ పిలవనప్పుడు క్షణంలో కొంత భాగం నిద్రపోయి, కొంత భాగం మేలుకుని వింటూ ఉంటుంది. ఎవరైనా పిలిస్తే అది నిద్రలేచేలోపు మొదటి అక్షరం జారిపోతుంది. బ్యాటరీ సేవ్ ఆపేయండి. ఈ మధ్యాహ్నం దాటే వరకు బ్యాటరీ కన్నా అక్షరం ముఖ్యం. అలాగే, గట్టిగా పలికిన చోట మాట పగిలినట్టు వస్తుంటే నారో, వైడ్ అమరిక చూడండి. అవతలివాళ్లు వైడ్‌లో పంపుతుంటే మీరు నారోలో వింటే అలాగే పగులుతుంది. మీది వైడ్‌లోనే ఉంది, ఆ దిగులు లేదు.

“రెండో సెట్టు ఇమ్మంటారా?” అంది పక్కనే నోటు పుస్తకం పట్టుకు కూర్చున్న అమ్మాయి. ఈ ఊరి పిల్లే, బీఎస్సీ చదువుతోంది. పొద్దున్నుంచి ఏ మాట ఏ నిమిషంలో వచ్చిందో రాసి పెడుతోంది.

ఇవ్వమన్నారు. రెండో సెట్టు అదే ఫ్రీక్వెన్సీలో పెట్టారు. అది అసలు పలకలేదు. కానీ బేస్ లెక్క చదువుతున్నంతసేపూ దాని నెత్తిన ఆకుపచ్చ దీపం మినుకుతోంది. “దీపం వెలుగుతుంటే మాట రాదేంటండీ?” అంది అమ్మాయి.

సరైన ప్రశ్న. దీపం వెలిగిందంటే సిగ్నల్ అందిందని అర్థం. స్పీకరు మూగగా ఉందంటే సెట్టే దాన్ని లోపలికి రానివ్వట్లేదని అర్థం. ఆ సెట్టును ఎవరో నగరంలో రిపీటరు కోసం అమర్చుకున్నారు. మాట అడుగున 88.5 హెర్ట్జ్ సన్నని స్వరం కూడా వస్తేనే పలకమని దానికి చెప్పి ఉంచారు. బేస్ వాళ్లు ఆ టోన్ పంపట్లేదు. అందుకే అది వింటూనే నోరు మూసుకుంది. రిసీవ్ టోన్ ఆపేయగానే ఆ సెట్టూ పలికింది, అదే హోరుతో, అదే సన్నని లెక్కతో.

రెండు సెట్లలో మాట ఒకేలా వస్తోంది. అంటే తప్పు సెట్టులో లేదు. వీఆర్వో గారి అనుమానం దీంతో తీరిపోవాలి. ఇక వెతకాల్సింది సెట్టు బయట.

పదకొండుంపావు. బేస్ పిలిచింది. “పడవ... రెండు గంటలకు... గంటకే...” గాలి ఒక్కసారి విసిరింది. కిటికీ అవతల సరుగుడు చెట్లు ఒరిగి లేచాయి. వాటితోపాటే సిగ్నల్ కూడా ఊగింది. ఒకే పడవకు రెండు వేళలు దొరికాయి ఇప్పుడు, రెండింటికీ అర్థం లేదు. అమ్మాయి విన్నది విన్నట్టు రాసింది. వినబడని చోట ఖాళీ వదిలింది. ఆ ఖాళీని ఊహతో పూరించకపోవడం ఈ పనిలో మొదటి నిజాయితీ.

* * *

ఇప్పుడు చెవిని మాట మీద నుంచి తీసి హోరు మీద పెట్టండి. హోరులో ఒక జీర ఉంది. ‘జ్‌జ్‌జ్’ మని ఒకే శ్రుతిలో కొట్టుకుంటోంది. గాలికి అలాంటి శ్రుతి ఉండదు. అది యంత్రం చేసే రొద.

హాలు మూలన ఇన్వర్టరు నడుస్తోంది. దాని మీద రెండు ఎల్‌ఈడీ ట్యూబులు, ఒక పొడవాటి పలకకు తగిలించిన ఫోను చార్జర్లు. ఇన్వర్టరూ, ఎల్‌ఈడీ దీపాల లోపలి సర్క్యూట్లూ, చవక చార్జర్లూ కరెంటును క్షణానికి వేలసార్లు తెంచి కలుపుతూ పనిచేస్తాయి. ఆ తెంపుల్లోంచి పుట్టే రేడియో రొద మీ సెట్టు దాకా సులువుగా వచ్చేస్తుంది. పెళ్లి పందిట్లో మేళం పక్కన నిలబడ్డవాడికి ఎదుటి మనిషి మాట వినబడనట్టే, అవనిగడ్డ గొంతు ఆ రొద కింద అణిగిపోతోంది. వాల్యూం పెంచితే రెండూ కలిసే పెరుగుతాయి.

“ఒక్కొక్కటే తీసేద్దాం,” అన్నారు మీరు. అమ్మాయి వెళ్లి మొదట చార్జర్లు పీకింది. జీర కొంచెం తగ్గింది. ఒక ట్యూబు ఆపింది, మార్పు లేదు. తూర్పు వైపున్న రెండో ట్యూబు ఆపింది. జీర తెగిపోయింది! దీపాల్లో రొద చేస్తున్నది ఆ ఒక్కటే. మొదటి ట్యూబు మళ్లీ వేయించారు. చీకట్లో ముసలివాళ్లు తడుముకోనక్కర్లేదు, మీకూ అడ్డు లేదు. అన్నీ ఒకేసారి ఆర్పేసి ఉంటే ఈ సంగతి తెలిసేది కాదు.

లెక్క ఇంకొంచెం పైకి తేలింది.

ఇక యాంటెన్నా. మరమీద బిగించి ఉండే నల్లటి రబ్బరు కొమ్మను పట్టుకుని మెల్లగా తిప్పండి. చేతికే కదిలింది. బిగువు లేదు. పూర్తిగా విప్పి వెలుగులో పట్టుకోండి. విప్పినంతసేపూ పీటీటీ జోలికి పోకండి. యాంటెన్నా లేకుండా ప్రసారం చేస్తే బయటికి పోవాల్సిన శక్తి వెనక్కి తిరిగి సెట్టునే దెబ్బతీస్తుంది. మర లోపల, నడిమి సూది చుట్టూ సన్నని ఆకుపచ్చ పొడి. ఉప్పుగాలి తిన్న రాగి, ఇత్తడి చేసే చిలుము అది. సముద్రం పక్కన సంచిలో పడి ఉన్న కనెక్టరుకు ఎప్పటికైనా పట్టక తప్పదు. పొడిబట్ట కొనను సన్నగా మెలిపెట్టి, లోపల రెండు మూడుసార్లు తిప్పి తీశారు. బట్ట కొనకు పచ్చటి మరక అంటింది. మళ్లీ బిగించారు. పనిముట్టు పెట్టకుండా, వేళ్లతోనే, ఆగేదాకా.

ఈ రబ్బరు కొమ్మ జానెడు కూడా లేదు. 145 మెగాహెర్ట్జ్ దగ్గర అల పొడవు సుమారు 2 మీటర్లు. దానిలో నాలుగో వంతు అంటే అరమీటరు కడ్డీ ఉంటే తరంగం చక్కగా పట్టుబడుతుంది. జేబులో పట్టాలని తీగను చుట్ట చుట్టి రబ్బరులో పెట్టారు కాబట్టి పొట్టిదైంది. పొట్టిదనానికి మూల్యం సిగ్నల్‌తో చెల్లిస్తున్నాం. పైగా ఇలాంటి యాంటెన్నాకు రెండో సగం కూడా కావాలి. చేతిలోని సెట్టుకు ఆ రెండో సగం సెట్టు ఒళ్లూ, దాన్ని పట్టుకున్న మీ చెయ్యీ. అందుకే బల్ల మీద పెట్టి వింటే ఒకలా, పట్టుకుని వింటే ఇంకోలా ఉంటుంది.

దీనికి హామ్‌లు చేసే చౌక మందు ఒకటుంది. టైగర్ టెయిల్ అంటారు. ఇంటి వైరింగుకు వాడే సన్నటి రాగి వైరు 49 సెంటీమీటర్లు కోసుకోండి. ఒక చివర తొక్క ఒలిచి, యాంటెన్నా మర కింద బయటి లోహపు అంచుకు చుట్టి బిగించండి. రెండో చివర నేల వైపు వేలాడనివ్వండి. వైరు నడిమి సూదికి తగలకూడదు, అంతే జాగ్రత్త. ఆ వేలాడే వైరు లేని సగాన్ని తెచ్చిపెడుతుంది. వినడానికీ ఉపకారం, పంపడానికీ ఉపకారం.

పదకొండున్నర. “...గర్భిణిని... రేవు దగ్గర... ఉంచ...” ఆశా కార్యకర్త లేచి నిలబడింది. రేవు దగ్గర ఉంచమన్నారా, ఉంచొద్దన్నారా? మీరు కాల్‌సైన్ చెప్పి అడిగారు. బేస్ నుంచి వచ్చిన జవాబులో మీకు తెలిసింది ఒక్క ముక్క: “రెండు-ఒకటి.” మీ మాట వాళ్లకు ఎలా చేరుతోందో చెప్పే గుర్తు అది. మొదటి అంకె మాట ఎంత అర్థమవుతోందో అయిదుకు లెక్క, రెండోది సిగ్నల్ ఎంత బలంగా ఉందో తొమ్మిదికి లెక్క. మీ మాట వాళ్లకు దాదాపు అందట్లేదు. మీ రెండు స్టేషన్ల మధ్య అడ్డు ఏదైనా రెండు వైపులా ఒకేలా అడ్డుతుంది.

గొంతు పెంచకండి. అరిస్తే ఎఫ్‌ఎంలో మాట పగులుతుందే తప్ప దూరం పోదు.

* * *

సెట్టు నిటారుగా పట్టుకుని నడవండి. యాంటెన్నా ఆకాశం వైపు చూడాలి. బేస్ యాంటెన్నా నిలువుగా ఉంది, మీదీ నిలువుగా ఉంటేనే పొత్తు కుదురుతుంది. అడ్డంగా పడుకోబెడితే వచ్చే సిగ్నల్‌లో చాలా భాగం చేజారుతుంది.

హాలు మధ్యలో లెక్క దాదాపు లేదు. గోడల్లో, కప్పులో ఇనుప ఊచలు అల్లి ఉన్నాయి. తుపానుకు నిలబడాలని గట్టిగా కట్టిన కట్టడం ఇది. ఆ గట్టిదనమే రేడియో తరంగానికి గోడ. ఉత్తరం వైపు కిటికీకి పోయారు. అవనిగడ్డ అటే. లెక్క పెరిగింది. కిటికీ ఊచలకు ఆనుకోగానే తగ్గింది. ఒక అడుగు వెనక్కి వేశారు, పెరిగింది. అర అడుగు పక్కకు, “ఏడు, ఎనిమిది” స్పష్టం. ఇంకో అడుగు, మాయం.

పక్కనున్న ఊరి కుర్రాళ్లకు ఇది విడ్డూరంగా ఉంది. విడ్డూరం ఏమీ లేదు. అవనిగడ్డ నుంచి ఒకే తరంగం రెండు మూడు దారుల్లో మీ దగ్గరికి వస్తోంది. తిన్నగా వచ్చేది ఒకటి, నీళ్ల ట్యాంకుకు తగిలి వచ్చేది ఒకటి, ఏటి నీటి మీద జారి వచ్చేది ఇంకొకటి. అవి కలిసిన చోట బలం, ఒకదాన్నొకటి కొట్టేసుకున్న చోట శూన్యం. అల పొడవు 2 మీటర్లు కాబట్టి బలానికీ శూన్యానికీ మధ్య ఎడం ఒక్కోసారి రెండడుగులే ఉంటుంది. వినబడలేదని నిలబడ్డ చోటే ఉండిపోయినవాడు రెండడుగుల దూరంలో ఉన్న మాటను పోగొట్టుకుంటాడు.

మంచి చోటు దొరికింది. అమ్మాయి సుద్దముక్కతో నేల మీద గుండ్రం గీసింది. “ఇందులో నిలబడితే చాలాండీ?” చాలదు. మీ ఒళ్లు కూడా ఒక అడ్డే. ముఖం ఉత్తరానికి పెట్టి, సెట్టు తలకు కాస్త దూరంగా ఎత్తి పట్టుకోవాలి.

పదకొండు ముప్పావు. గొంతు ఈసారి బాగా తేలింది: “లంక షెల్టర్, ఇది బేస్. పడవ రెండు గంటలకు...” అంతలో సెట్టుకు చెవుడు వచ్చినట్టయింది. నాలుగైదు క్షణాల తర్వాత మళ్లీ తెరుచుకుంది: “...ఒంటిగంట...” మళ్లీ చెవుడు.

ఇది గాలి పని కాదు. గాలికి సిగ్నల్ ఊగుతుంది, ఇలా కత్తితో కోసినట్టు తెగదు. వెనక్కి తిరిగి చూడండి. నాలుగడుగుల దూరంలో ఊరి బోటు యజమాని, డెబ్భై దగ్గర పడుతున్న మనిషి, తన పడవలో వాడే మెరైన్ సెట్టు నోటికి ఆనించుకుని, ఇంకా రేవు చేరని బోటువాళ్లను పిలుస్తున్నారు. ఆ సెట్టు పలికేది 156.8 మెగాహెర్ట్జ్ మీద, సముద్రం మీద అందరూ వినే పదహారో ఛానెల్. మీ ఫ్రీక్వెన్సీ వేరే. అయినా ఇంత దగ్గరలో అంత బలంగా పలికితే మీ సెట్టు రిసీవరు పొంగిపోయి, దూరం నుంచి వచ్చే సన్నని గొంతును వదిలేస్తుంది. చవక సెట్లలో ఈ బలహీనత ఎక్కువ. సెల్ టవరు కింద నిలబడ్డా, పక్కన ఇంకో వాకీటాకీ పలికినా ఇదే జరుగుతుంది. ఇలాంటి చోట పెద్ద యాంటెన్నా తగిలిస్తే బాధ పెరుగుతుందే గానీ తగ్గదు.

ఆయన పిలుపు ఆపమనడానికి లేదు. అవతల మనుషులున్నారు.

“పెద్దాయనా, మీరు దక్షిణం గదిలోకి పోయి మాట్లాడతారా? మీ సెట్టు పలికితే మాది వినబడట్లేదు,” అన్నారు మీరు.

“అట్టాగా! ముందే చెప్పొద్దూ బాబూ,” అంటూ లేచారాయన. రెండడుగులు వేసి ఆగారు. “డెబ్భై ఏడులో నేను కుర్రోణ్ని. అప్పుడు చెప్పేవాడూ లేడు, వినేదీ లేదు. నీళ్లొచ్చాకే తెలిసింది. మీరు కానీయండి.”

1977 నవంబరు 19. ఆ ఉప్పెన దివిసీమలో వేల ప్రాణాలు తీసుకుపోయింది. స్తంభాలు కూలి, తీగలు తెగి, ఏ ఊరు ఏమైందో బయటికి చేరేసరికే ఆలస్యమైంది. మీరు నిలబడ్డ ఇలాంటి భవనాలు ఈ తీరమంతా లేచింది ఆ దెబ్బ తర్వాతే.

* * *

ఇక మిగిలింది ఎత్తు.

లెక్క చిన్నది. నేల గుండ్రం కాబట్టి ఈ తరంగాలు ఎంతో దూరం వంగి పోలేవు. యాంటెన్నా నేల నుంచి ఎన్ని మీటర్ల ఎత్తులో ఉందో ఆ అంకెకు వర్గమూలం తీసి 4.12తో గుణిస్తే, అక్కణ్నుంచి రేడియోకు కనబడే దిగంతం ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. బేస్ యాంటెన్నా సుమారు 15 మీటర్ల ఎత్తులో ఉంది. దాని చూపు 16 కిలోమీటర్లు. హాల్లో మీ చేతిలోని సెట్టు 2 మీటర్ల ఎత్తులో ఉంటే దాని చూపు 6 కిలోమీటర్ల లోపు. రెండూ కలిపితే 22 దగ్గర. మధ్యలో ఏ అడ్డూ లేనప్పటి మాట అది. ఇక్కడ గోడలున్నాయి, తడిసిన సరుగుడు తోటలున్నాయి. 20 కిలోమీటర్ల దూరానికి మీరు అంచు మీద వేలాడుతున్నారు. అదే యాంటెన్నా 10 మీటర్ల ఎత్తుకు పోతే దాని చూపు ఒక్కటే 13 కిలోమీటర్లు. మొత్తం 29. సెట్టు పవరు పెంచడం కన్నా నాలుగు మెట్లు ఎక్కడం ఎప్పుడూ మేలు.

మెట్ల గది తలుపు దగ్గర ఆగండి. ముందు చెవి ఆకాశం మీద పెట్టండి. ఉరుము వినబడిందా, డాబా మీదికి అడుగు పెట్టకూడదు. ఎంత ముఖ్యమైన కబురైనా అంతే. లేదు, ఉరుము లేదు. తుపాను వాన పట్టీలు పట్టీలుగా వస్తుంది. ఒక పట్టీకీ ఇంకో పట్టీకీ మధ్య కాసేపు తెరిపి ఇస్తుంది. ఇప్పుడు ఆ తెరిపి.

మీ సంచిలో పాత టీవీల ఫ్లాట్ వైరుతో కట్టిన జె-పోల్ యాంటెన్నా చుట్ట ఉంది. విప్పితే మనిషి భుజం ఎత్తు, సుమారు ఒకటిన్నర మీటరు. చుడితే అరచేతిలో ఇమిడిపోతుంది. దాన్ని వెదురు గడకు నిలువునా తాడుతో కట్టారు. కుర్రాళ్లిద్దరు గడను మెట్ల గది గోడ పక్కన నిలబెట్టి పిట్టగోడ ఊచకు బిగించారు. దగ్గర్లో కరెంటు తీగ లేదని చూసుకున్నాకే. కింది నుంచి 10 మీటర్ల ఆర్‌జీ-58 కేబుల్. ఈ పొడవుకే దానిలో మూడో వంతుకు పైగా సిగ్నల్ హరించుకుపోతుంది, అందుకే అవసరమైన దానికన్నా ఒక్క అడుగు కూడా ఎక్కువ వేయకూడదు. కానీ ఎత్తు తెచ్చే లాభం ముందు ఆ నష్టం చిన్నది. కనెక్టరు జాయింటుకు టేపు కింది నుంచి పైకి చుట్టారు, పెంకుల్లా ఒకదాని మీద ఒకటి పడితే నీరు జారిపోతుంది. తలుపు సందులోంచి లోపలికి వచ్చే ముందు కేబుల్‌ను కిందికి ఒక వంపు తిప్పి వదిలారు. వాన నీరు ఆ వంపు అడుగున చుక్కలై రాలిపోతుంది, సెట్టు దాకా పాకదు. కేబుల్ లోపలికి నీరు దిగితే బయటికి ఏమీ కనబడదు, సిగ్నల్ మాత్రం రోజురోజుకీ చచ్చిపోతుంది.

చివరి జాగ్రత్త సెట్టు దగ్గర. లావు కేబుల్‌ను ఆ చిన్న మరకు నేరుగా వేలాడదీస్తే మర విరుగుతుంది. మధ్యలో జానెడు సన్నని కేబుల్ ముక్క ఉండాలి. తగిలించారు. మెట్ల గదిలో, తలుపు వెనక, పై మెట్టు మీద కూర్చున్నారు. అమ్మాయి కింది మెట్టు మీద, ఒళ్లో పుస్తకం. పీటీటీ మూడుసార్లు నొక్కారు.

“ఒకటి. రెండు. మూడు. నాలుగు.”

హోరు లేదు. ఎదురుగా కూర్చుని చదువుతున్నట్టుంది.

పన్నెండు. “లంక షెల్టర్, ఇది బేస్. పడవ రెండు గంటలకు రాదు. మళ్లీ చెబుతున్నాను, రాదు. గాలి పెరుగుతోంది కాబట్టి ఒంటిగంటకే వస్తుంది. ఒక్కటే విడత. గర్భిణిని పన్నెండున్నరకల్లా రేవు దగ్గర ఉంచండి. తోడుగా ఒక్కరు. అందిందా?”

వెంటనే జవాబు చెప్పకండి. అమ్మాయి రాసిందా చూడండి. రాసింది. ఆ రాసింది చూసి, విన్నది విన్నట్టు తిరిగి చదవండి: రెండు గంటలకు రాదు, ఒంటిగంటకు వస్తుంది, పన్నెండున్నరకు రేవు, తోడు ఒక్కరు. బేస్ అంది: “సరిగ్గా అదే. మీ సిగ్నల్ ఐదు-ఏడు.”

అమ్మాయి అప్పటికే మెట్లు దిగి పరుగెత్తుతోంది. కింద వీఆర్వో గొంతు, ఆశా కార్యకర్త గొంతు, ట్రాక్టరు తెమ్మని ఎవరో కేక. రెండు గంటలకు పడవ అనుకుని కూర్చుని ఉంటే, ఒంటిగంటకు వచ్చిన పడవ ఖాళీగా తిరిగిపోయేది.

* * *

ఒంటిగంటా పది. పడవ వెళ్లిపోయిందని రేవు నుంచి కబురు. మీరు బేస్‌కు చెప్పారు. అవతలి ఒడ్డున అంబులెన్సు సిద్ధంగా ఉందని వాళ్లు చెప్పారు. ఇక ఈ రాత్రికి కావాల్సినవి ఒక్కొక్కటీ పంపాలి: తాగునీరు ఎంతుంది, పసిపిల్లలకు పాలు, షుగరు మందు ఎవరికి అయిపోయింది, రేవు చేరని బోట్లు ఎన్ని.

“ఇదంతా ఎక్కడ నేర్పుతారండీ?” అంది అమ్మాయి తిరిగొచ్చి, జడ పిండుకుంటూ.

చెప్పండి. హైదరాబాదులో 1983 నుంచి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉందని. 2004 డిసెంబరులో ఆ సంస్థ తరఫున భారతీ ప్రసాద్ తదితరులు హామ్ రేడియో నడపడానికే పోర్ట్‌బ్లెయిర్ వెళ్లారని, 26న సునామీ వచ్చి దీవుల ఫోన్లు మూగబోయాక వాళ్ల సెట్లే కబుర్లు మోశాయని. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను కొట్టి సెల్ టవర్లను కూల్చినప్పుడూ హామ్‌లు సెట్లు పట్టుకుని కదిలారని. పన్నెండేళ్లు నిండిన ఎవరైనా కేంద్ర ప్రభుత్వం పెట్టే పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకోవచ్చని. లైసెన్సు రాకుండా మీట నొక్కకూడదనీ చెప్పండి.

అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటుంది, అది కూడా చెప్పండి. ఈ వెతుకులాట తుపాను రోజున మొదలుపెట్టేది కాదు. ఎండ కాస్తున్న రోజునే ప్రతి తుపాను భవనానికీ సెట్టు పట్టుకుని వెళ్లాలి. ఏ కిటికీ దగ్గర మాట వస్తుందో, ఏ దీపం రొద చేస్తుందో, గడ ఎక్కడ నిలుస్తుందో అప్పుడే చూసి రాసి ఉంచాలి. ఒక జె-పోల్, 10 మీటర్ల కేబుల్, కాస్త టేపు, ఒక వెదురు గడ. ఒక ఊరికి కబురు అందేలా చేయడానికి ఇంతకన్నా చవకైన ఏర్పాటు లేదు. బియ్యం, కిరోసిన్ లెక్కల పక్కనే దీన్నీ లెక్క రాసుకోవాలి.

గాలి పెరుగుతోంది. చీకటి పడేలోపు గడ దించి, యాంటెన్నాను మెట్ల గది కిటికీ లోపల వేలాడదీయాలి. సిగ్నల్ కొంత తగ్గుతుంది, అయినా సరిపోతుంది. సరిపోతుందో లేదో బేస్‌తో ఇప్పుడే పరీక్షించి చూసుకోవాలి, అర్ధరాత్రి కాదు. మీ తర్వాత ఈ మెట్టు మీద కూర్చునే ఆపరేటరు కోసం అమ్మాయి కొత్త పేజీ తిప్పింది. మీరు చెబుతుంటే పెద్ద అక్షరాలతో రాస్తోంది:

స్క్వెల్చ్ సున్నా. బ్యాటరీ సేవ్ వద్దు. తూర్పు ట్యూబు వేయొద్దు. మెరైన్ సెట్టు దక్షిణం గదిలోనే. హాల్లో వినాల్సి వస్తే సుద్ద గీత లోపల, ముఖం ఉత్తరానికి. వినబడనిది ఊహించి రాయొద్దు, మళ్లీ అడగండి. ఒక్కసారి ఒక్కటే మార్చండి.